చిన్నపిల్లల స్ట్రాబెర్రీ టూత్‌పేస్టు: రుచికి మార్కులు, ట్యూబుకు కోత

మూడేళ్లు దాటిన మా అమ్మాయి కోసం మందుల దుకాణంలో కొన్న ఈ టూత్‌పేస్టు నోట్లో మంట పుట్టించదు, నురుగు కూడా తక్కువే, కాబట్టి బ్రష్ చూడగానే నోరు బిగించే పిల్లలు సైతం దీనికి లొంగుతారు. చిక్కంతా ట్యూబు మూతి దగ్గరే ఉంది. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తరువాత ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టు చాలని దంతవైద్యులు చెబుతుండగా, ఈ వెడల్పాటి రంధ్రం నుండి మెల్లగా నొక్కినా సగం బ్రష్ నిండిపోతుంది. పైగా తియ్యగా ఉండడంతో పిల్లలు ఉమ్మకుండా చప్పరించి మింగేస్తారు. ఫ్లోరైడ్ మోతాదును ట్యూబు మడత పక్కన, భూతద్దం కావలసినంత చిన్న అక్షరాలలో అచ్చువేశారు: 500 పీపీఎం (పది లక్షల భాగాల పేస్టులో ఫ్లోరైడ్ ఎన్ని భాగాలో చెప్పే కొలత) లోపే. పళ్లు పుచ్చకుండా ఉండాలంటే 1000 పీపీఎం ఉన్న పేస్టు మేలన్నది వైద్యుల సాధారణ సలహా కనుక, ఈ పేస్టులో ఫ్లోరైడ్ తక్కువే. నల్లగొండ జిల్లాలో వలె భూగర్భజలంలోనే ఫ్లోరైడ్ అధికంగా ఉండి, ఆ నీటినే తాగే ఊళ్లవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి పేస్టు ఎంచుకోవడం మంచిది. పెట్టె మీది ఏనుగు బొమ్మకు మా ఇంట్లో పూర్తి మార్కులు పడ్డాయి. నేను ఐదుకు మూడు ఇస్తాను. మూతి సన్నగా చేసి, ఫ్లోరైడ్ పెంచితే మళ్లీ కొంటాను.