గ్రాంటు కంటే గల్లాపెట్టె ముఖ్యం: పేద మహిళల చిన్న వ్యాపార ప్యాకేజీపై సమీక్ష

పల్లెల్లో అట్టడుగున ఉన్న మహిళల చేత చిన్న వ్యాపారం పెట్టించే కార్యక్రమాల సరంజామా దాదాపు ఒకటే: కొద్ది రోజుల శిక్షణ, తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు, పొదుపు సంఘం, ఏడాదో రెండేళ్లో వచ్చి చూసిపోయే కార్యకర్త. 2002లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పద్ధతిలోంచి పుట్టినవే వీటిలో చాలా. ఈ పద్ధతిని చాలాకాలంగా క్షేత్రంలో నడుపుతున్నవాళ్లుగా మా మాట ఇది: ప్యాకేజీ పనిచేస్తుంది. అయితే బ్రోషర్లలో పెద్దక్షరాలతో వేసే శిక్షణా, గ్రాంటూ సగం దూరమే లాక్కొస్తాయి. అమ్మిన డబ్బు మళ్లీ సరుకై తిరుగుతోందా, ఇంట్లోకి జారిపోతోందా అని ఓపిగ్గా చూసే ఏర్పాటు లేకపోతే మిగతాదంతా దండగే.

శిక్షణ సంగతి ముందు. ఐదు రోజులు ఏకబిగిన కూర్చోబెడితే మూడో రోజుకే చాలామంది పొలం పనికో, జ్వరమొచ్చిన పిల్ల దగ్గరికో వెళ్లిపోతారు. వారానికి రెండు పూటలు, పూటకి రెండున్నర గంటలు, నాలుగు వారాలు పెట్టి, పసిపిల్లల్ని చూసుకునే మనిషిని పక్కన ఉంచితే హాజరు నిలబడుతుంది. పాఠాలకు గట్టిగా కత్తెర వేయాలి. ఆస్తి అప్పుల పట్టికలు, పేజీలకు పేజీల వ్యాపార ప్రణాళికలు దాతల ఫైళ్లకు తప్ప ఎవరికీ అక్కరకు రావు. 2014లో డొమినికన్ రిపబ్లిక్ చిన్న వ్యాపారులపై వచ్చిన అధ్యయనంలోనూ, పద్దుల విద్య అంతా బోధించిన తరగతి కన్నా ఇంటి డబ్బు, కొట్టు డబ్బు వేరుగా ఉంచడం లాంటి బండగుర్తులు నేర్పిన తరగతే మెరుగైన ఫలితమిచ్చింది. 2017లో వెలువడిన టోగో అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది: చొరవ, ముందుచూపు అలవాటు చేసే శిక్షణ లాభాన్ని 30 శాతం పెంచింది, మామూలు వ్యాపార పాఠాల వల్ల లాభం పెరిగిందని గట్టిగా చెప్పడానికి వీల్లేకపోయింది.

చదువురాని వాళ్లకు లెక్క చెప్పాలంటే గింజలు చాలు. వంద గింజలు పోసి సరుకు కొనమనండి. మొత్తం అమ్ముడైతే 120 రావాలి. అందులో పావు వంతు, అంటే 30, అరువు పోయిందనండి. చేతికొచ్చినవి 90. వాటిలోంచి 15 ఇంటి ఖర్చుకు తీయించండి. మిగిలిన 75తోనే మళ్లీ సరుకు కొని ఇదే ఆట ఆడిస్తే, అరువు వసూలు కానంతకాలం, రెండో తిప్పు పూర్తయ్యేసరికి కుప్పలో మిగిలేవి సుమారు 52 గింజలు. ప్రతి బేరంలోనూ లాభముంది, అయినా కొట్టు సగమైపోయింది. ఇది కళ్లారా చూసిన మనిషికి అరువు గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. కాకపోతే చూడటం ఒకటి, వాకిట్లో నిలబడ్డ ఆడపడుచుకి లేదనడం ఇంకొకటి. అందుకే నిబంధనను సంఘం పేరు మీద రాయించాలి: మొత్తం సరుకులో పదోవంతుకు మించి అరువు లేదు, పాత బాకీ తీరనిదే కొత్తది లేదు. 'సంఘంలో ఒప్పుకోరు వదినా' అనడం 'నేనివ్వను' అనడం కన్నా వెయ్యిరెట్లు తేలిక.

గ్రాంటు విషయంలో ఎంతివ్వాలన్నదాని మీదే చర్చంతా జరుగుతుంది. ఎప్పుడివ్వాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. విత్తనాలేసే ముందు ఇస్తే పొలంలోకి పోతుంది, బడి ఫీజుల నెలలో ఇస్తే బడికి పోతుంది. శిక్షణ ముగిశాక మూడు వారాలు దాటితే నేర్చుకున్నది చల్లారిపోతుంది. తిరిగి కట్టాలేమోనన్న అనుమానంతో డబ్బును మూటగట్టి దాచేవాళ్లూ ఉంటారు, కాబట్టి ఇది అప్పు కాదని ఇంట్లో పెద్దల ముందు కూడా చెప్పాలి. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఉత్తర కెన్యాలో బోమా సంస్థ ముగ్గురు మహిళల జట్టుకు మొదటి గ్రాంటిచ్చి, వ్యాపారం నడుస్తోందని చూశాకే రెండోది ఇస్తుంది. మాకూ అదే సరైన పద్ధతనిపించింది.

రెండో విడతకు పెట్టే పరీక్షలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. లాభమెంతని అడిగితే అందరూ మీకు నచ్చే అంకె చెబుతారు. అడగొద్దు, లెక్కపెట్టండి. ఉన్న సరుకును కొన్న ధరకు కట్టండి, అమ్మే ధరకు కాదు. చేతి డబ్బు కలపండి. రావలసిన అరువులో సగమే వేసుకోండి. ఇవ్వాల్సిన బాకీలు తీసేయండి. సరుకు 60, నగదు 25, అరువు 30కి 15, బాకీ 10 అయితే వ్యాపారంలో ఉన్నది 90. మొదటి విడత 100 కాబట్టి ఆ పది ఎక్కడికి పోయిందన్నదే ఆ రోజు మాట్లాడాల్సిన విషయం. వైద్యానికి పోతే రెండో విడత ఆపకండి. అరువులోకి పోతే ఒక నెల ఆపండి.

డబ్బా, వస్తువా? ఘానాలో చిన్న వ్యాపారులకు నగదు, సరుకు రెండు రకాలుగా ఇచ్చి చూశారు. మహిళల విషయంలో సరుకు రూపంలో ఇచ్చిందే లాభం పెంచింది, అదీ అప్పటికే కాస్త పెద్ద వ్యాపారాలున్న వాళ్లకు. బొటాబొటిగా నడిచే కొట్లలో రెండూ ఒకటే, ఏమీ మారలేదు. ఆమె చేతికిచ్చిన పెట్టుబడి భర్త వ్యాపారంలోకి వెళ్లడం కూడా మామూలే. కుటుంబానికి అది నష్టమే కానక్కర్లేదు. కానీ లెక్క ఆమె పేరున ఉండి, గల్లా మరొకరి చేతిలో ఉంటే మీ నివేదిక అబద్ధం చెబుతున్నట్టే.

ఏ వ్యాపారమన్నది ఆమే ఎంచుకోవాలి, కానీ కళ్లు మూసుకుని కాదు. పెట్టబోయే చోట ఒక పూట కూర్చుని ఎంతమంది వస్తున్నారో, ఏం కొంటున్నారో గీతలు గీయించండి. ఒకే తరగతిలో కూర్చున్న ఇరవైమందీ ఒకరిని చూసి ఒకరు ఒకే రకం కొట్టు పెడితే ఆరు నెలల్లో అందరూ మూసేస్తారు. పశువులు, కోళ్లు వ్యాపారమని చెప్పేవాళ్లను నమ్మేముందు హోండురాస్ గుర్తుచేసుకోండి. ఇలాంటి ప్యాకేజీని ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు వెలువరించిన అధ్యయనంలో అక్కడ ఎక్కువ కుటుంబాలు కోళ్లు తీసుకుంటే, చాలావరకు జబ్బుతో పోయాయి. టీకా వేయని జీవాన్ని ఇంటికి చేర్చకండి. మేక నెలల తరబడి రాబడివ్వదు, ఆ నెలల్లో తిండికి చిన్న భృతి లేకపోతే మేకనే అమ్ముకుంటారు.

పొదుపు సంఘం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఈ ప్యాకేజీలో అన్నిటికన్నా గట్టి భాగం అదే. 1991లో నైజర్‌లో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతిలో పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. సమావేశానికి ఒకటి నుంచి ఐదు వాటాలు (వాటా అంటే సంఘం ముందే ఖాయం చేసుకున్న పొదుపు మొత్తం) కొనొచ్చు, తన పొదుపుకు మూడు రెట్ల వరకు అప్పు తీసుకోవచ్చు, ఏడాది తిరిగేసరికి మొత్తం పంచుకుంటారు. పంపకాన్ని సరుకు కొనే సీజన్‌కు ముందు పడేలా చూస్తే ఆ డబ్బు నేరుగా వ్యాపారంలోకి వస్తుంది. ఆపద నిధిని ఈ డబ్బుతో కలపొద్దు, కలిపిన సంఘంలో మొదటి చావు ఖర్చుకే తగవు.

ముగ్గురి జట్ల మీద మాకు మిశ్రమాభిప్రాయం. ఒకరికి జబ్బు చేసినా కొట్టు తెరిచి ఉంటుంది, డబ్బుకు కాపలా ఉంటుంది. కానీ ఒకరు కూర్చుని అమ్మి, ముగ్గురూ సమానంగా పంచుకుంటే మూడో నెలకి మాటలుండవు. కూర్చున్నవాళ్లకు ముందు రోజుకూలి కట్టి, ఆ తర్వాతే లాభం పంచాలి. విడిపోతే ఎవరికేం దక్కాలో మొదటిరోజే రాయించండి.

ఇక ఖర్చు. ఉత్తర ఉగాండాలో 150 డాలర్లు, ఐదు రోజుల శిక్షణ, తర్వాత పర్యవేక్షణ ఇచ్చిన కార్యక్రమంలో 16 నెలలకు వ్యాపారాలున్నవాళ్లు, ఆదాయమూ రెట్టింపయ్యాయి. పర్యవేక్షణకే సగం ఖర్చు. దాన్ని హెచ్చుతగ్గులు చేసి చూస్తే, పర్యవేక్షణ ఉన్నచోట వ్యాపారాలు నిలబడటం పెరిగింది గానీ, ఇంటి వినియోగం పెరగలేదు. దీన్ని చూపించి సందర్శనలు ఎత్తేయాలనేవాళ్లున్నారు. మేం ఎత్తేయమనం, తగ్గించమంటాం: మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి. వచ్చిన మనిషి మొదట సరుకు చూడాలి, తర్వాత గల్లా, ఆపైనే మాట. ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. పుస్తకం ఆమె బదులు తానే నింపేసే కార్యకర్త మాత్రం ఉన్నా లేనట్టే. అతను రావడం మానిన నెలే పుస్తకం కూడా ఆగిపోతుంది.

ఇంట్లో పనిచేయగల మనిషి లేనిచోట, మంచాన పడ్డవాళ్లను చూసుకోవడంలోనే పొద్దుపోయేచోట ఈ ప్యాకేజీ వద్దు. అక్కడ నేరుగా నెలనెలా భృతి ఇవ్వండి. చేరువలో సంత గానీ, రోడ్డు గానీ లేని ఊళ్లలో కూడా అంతే, ముందు అమ్మే చోటు తేలాలి, ఆ తర్వాతే శిక్షణ తేదీ.