జీతమా, విడి వేషాలా: తొలినాటి హాలీవుడ్ క్యారెక్టర్ నటుడికి ఏది మేలు?

1930లలో హాలీవుడ్‌లో తండ్రి, న్యాయమూర్తి, తాగుబోతు వైద్యుడు వంటి వేషాలతో బతికిన క్యారెక్టర్ నటుడి ముందు మూడు దారులుండేవి: పెద్ద స్టూడియోలో జీతానికి కుదరడం, ఏ సినిమాకు ఆ సినిమాగా విడిగా ఒప్పుకోవడం, ఏడాదికి కొద్ది చిత్రాలే తీసే స్వతంత్ర నిర్మాత దగ్గర చేరడం. కథానాయకుడికి గిరాకీ వయసు మీరేదాకానే. క్యారెక్టర్ నటుడికి ఆ వయసే పెట్టుబడి కనుక, అతడు ఇరవై ముప్పై ఏళ్ల పనిని దృష్టిలో పెట్టుకొని దారి ఎంచుకోవలసి ఉండేది.

పెద్ద స్టూడియో ఒప్పందం సాధారణంగా ఏడేళ్లది. అయితే ఆ ఏడేళ్లూ కట్టుబడవలసింది నటుడే. మధ్యమధ్య గడువు రాగానే కొనసాగించాలో వద్దో తేల్చే హక్కు కంపెనీది. ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపి, ఆ ఆగిన కాలాన్ని ఒప్పందం చివర కలిపేవారు. నటి ఒలీవియా డి హావిలాండ్ తన స్టూడియోపై వేసిన దావాలో 1944లో తీర్పు వచ్చేదాకా ఇలా గడువు పొడిగించే అన్యాయం సాగింది. అయినా ఈ దారిలో నిలకడ ఉంది. ఎంజీఎం అనే పెద్ద స్టూడియో నటుడు ఫ్రాంక్ మోర్గన్ 1939లో ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’లో ఒక్కడే ఐదు వేషాలు వేశాడు, 1949లో మరణించేనాటికి కూడా అదే సంస్థ చిత్రంలో పని మొదలుపెట్టి ఉన్నాడు. తడబడుతూ మాట్లాడే మెత్తని పెద్దమనిషి వేషాలే అతనికి తరచుగా దక్కడం నన్ను బాధిస్తుంది, ఎందుకంటే 1940లో ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’లో భార్య ద్రోహం తెలిసి కుంగిపోయే దుకాణదారుగా అతడు ఎంత లోతుకు వెళ్లగలడో కనిపిస్తుంది.

అతని అన్న రాల్ఫ్ మోర్గన్ 1933లో ఏర్పడిన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అనే నటుల సంఘానికి తొలి అధ్యక్షుడు. అదే ఏడాది స్టూడియోలు జీతాలను సగానికి కోసిన అనుభవం నటులను సంఘం వైపు నడిపించింది. 1940లలో రాల్ఫ్ చేసిన వాటిలో థియేటర్లలో భాగాలుగా ఆడే సీరియళ్లు, చిన్న కంపెనీల భయానక చిత్రాలు ఉన్నాయి. రెండో దారిలో, అంటే విడిగా పనిచేసేవాడికి, రెండు వేషాల మధ్య కాలం కూలి లేని కాలమే. మరోవైపు, 1939 ఒక్క ఏడాదిలో మరో క్యారెక్టర్ నటుడు థామస్ మిచెల్ నటించిన ఐదు చిత్రాలు నాలుగు వేర్వేరు సంస్థలవి. వాటిలో ‘స్టేజ్‌కోచ్’ అతనికి ఆస్కార్ తెచ్చింది. అంత వైవిధ్యం ఒకే గోడల మధ్య ఉన్నవాడికి అందడం కష్టం.

నా దృష్టిలో మూడో దారే మేలు, దానికి క్యారెక్టర్ నటుడు వాల్టర్ బ్రెనన్ సాక్ష్యం. అతని యజమాని, స్వతంత్ర నిర్మాత సామ్యూల్ గోల్డ్విన్ తీసే చిత్రాలు తక్కువ కాబట్టి, బ్రెనన్‌ను ఇతర సంస్థలకు అరువిచ్చేవాడు. 1936, 1938, 1940 సంవత్సరాల నటనకు బ్రెనన్ పొందిన మూడు సహాయనటుడి ఆస్కార్లలో రెండు గోల్డ్విన్ చిత్రాలకు, మధ్యది ఫాక్స్ స్టూడియో వారి ‘కెంటకీ’కి వచ్చాయి. జీతం ఒకచోట, వేషాలు పలుచోట్ల. అరువు సొమ్ములో జీతానికి మించినది యజమాని జేబులోకే పోయే పద్ధతి దీనిలోని లోటు. అంతకంటే పెద్ద చిక్కు, అటువంటి నిర్మాతలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. బ్రెనన్ సైతం తెరపై పేరైనా పడని చిన్నచిన్న వేషాలలో ఏళ్ల తరబడి గడిపాకే, నలభై దాటిన వయసులో ఆ గుమ్మం ఎక్కగలిగాడు.