వంటిల్లు లేని కాపురం: లాడ్జీల్లో నెలల తరబడి

మావారి పదవీ విరమణ తర్వాత కూకట్‌పల్లి ఫ్లాటు అద్దెకిచ్చేసి, ఊరూరా గదులు తీసుకుని ఉంటున్నాం. ఒక చోట నెల, ఇంకో చోట రెండు నెలలు, నచ్చితే సీజనంతా. పిల్లలు చూడట్లేదేమోనని జాలిపడేవాళ్లున్నారు. అదేం కాదు. పెళ్లయిన నాటి నుంచి తెల్లారితే స్టవ్వు ముందే నిలబడ్డాను, ఇప్పుడు లేచి గోదావరి గట్టుకు నడుస్తున్నాను. ఈ సుఖం నా ఈడు ఆడవాళ్లకు ఇంకా ఎంతమందికి అందితే అంత సంతోషం.

అన్నిటికంటే మాకు బాగా కుదిరింది రాజమండ్రి. కోటిపల్లి బస్టాండు, మెయిన్‌రోడ్డు చుట్టుపక్కల పాత లాడ్జీలున్నాయి. యాప్‌లో కనిపించే రోజు రేటును ముప్పైతో హెచ్చవేసి చూసుకుంటే ఎవరూ ఈ పనికి దిగరు. నేరుగా కౌంటరు దగ్గరికెళ్లి నెలకెంతకిస్తారని అడగాలి. పెళ్లిళ్ల ముహూర్తాలు లేని రోజుల్లో గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి బాగానే తగ్గిస్తారు. డబ్బు కట్టే ముందు గది మాత్రం పగలొకసారి, రాత్రొకసారి చూడాలి. టీవీ, ఏసీ ఎలాగూ ఉంటాయి. చూడాల్సింది బట్టలారేసుకునే చోటు, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, కరెంటు పోతే లిఫ్టుకు జనరేటరు ఉందో లేదో. కింద ఫంక్షన్ హాలుంటే మూఢం రోజుల్లో తప్ప నిద్ర ఉండదు.

మేం ఉన్నది ఒక కుటుంబం నడిపే లాడ్జి. గదిలో వంట చెయ్యనివ్వరు, కెటిల్ వరకు ఒప్పుకున్నారు. మధ్యాహ్నం దగ్గర్లోని మెస్సు నుంచి క్యారేజీ వస్తుంది. నూనె, ఉప్పు తగ్గించమంటే వంటావిడ మా ఇద్దరికీ పప్పు వేరుగా తీసి, తర్వాతే తాలింపు వేసేది. ఒకరోజు మావారికి ఒంట్లో బాగోక పడుకుండిపోతే, ఎనిమిదిన్నరకల్లా కౌంటరు అబ్బాయి తలుపు కొట్టాడు. “అయ్యగారు టిఫిన్‌కి దిగలేదేంటండీ? డాక్టరుగారిని పిలవమంటారా?” అన్నాడు. పెద్దవయసులో గదికి కట్టే అద్దెలో సగం ఇలాంటి పలకరింపుకే కడుతున్నామని నా నమ్మకం.

విశాఖలో ఎంవీపీ కాలనీలో సర్వీస్ అపార్ట్‌మెంటు తీసుకున్నాం. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, వంటిల్లు అన్నీ ఉన్నాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు గదిలో ఫ్రిజ్ ఉండడం చిన్న సౌకర్యం కాదు. కానీ తాళం నంబరు ఫోనుకు వస్తుంది, మనిషి ముఖం కనబడదు. వంటిల్లు ఉంది కదా అని మావారు పులుసు అడగడం, నేను గరిటె పట్టడం మళ్లీ మొదలైంది. సముద్రపు గాలికి బట్టలు ఓ పట్టాన ఆరవు. అరకు సీజన్లో, అంటే నవంబరు నుంచి జనవరి దాకా, రేట్లు పెరుగుతాయి కాబట్టి వేసవి వేడి ఓర్చుకోగలిగితేనే ఇది లాభం. పెద్దాసుపత్రులు దగ్గర్లో ఉండడం ఒక్కటే నన్ను మళ్లీ అటు లాగుతుంది.

తిరువణ్ణామలైలో ఇప్పుడు కౌంటర్ల దగ్గర తెలుగు బాగానే వినిపిస్తోంది. గిరిప్రదక్షిణ దారి 14 కిలోమీటర్లు, పౌర్ణమి వచ్చిందంటే గది రేటు ఒక్కసారిగా పైకెళుతుంది. నెల మాట్లాడుకునేటప్పుడే పౌర్ణమి రోజులు కూడా అందులో కలిశాయా అని తేల్చుకోవాలి. మైసూరు హాయిగా ఉంది, దసరాకు మాత్రం వెళ్లకండి.

కాశీ సంగతి వేరు. అక్కడ 9 నెలల 9 రోజులు క్షేత్రవాసం చేసే మనవాళ్లు ఉన్నారు. గదుల్లో ఎక్కువకాలం ఉండడం మనకు కొత్తేమీ కాదని అక్కడే అనిపించింది. మానససరోవర ఘాట్ దగ్గరి శ్రీరామ తారకాంధ్రాశ్రమంలో మన భోజనం దొరుకుతుంది. అయితే ఆ సందుల్లో మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఘాట్లకు ఎడంగా, రిక్షా వచ్చే వీధిలో గది చూసుకోవడం మంచిది.

ఇక పన్ను. రోజుకు రూ. 7,500 లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. ఇంకో వెసులుబాటు చాలామందికి తెలియదు. 2024 జులై నుంచి, మనిషికి నెలకు రూ. 20,000 మించకుండా, వరుసగా 90 రోజులకు తగ్గకుండా ఉంటే ఆ వసతికి జీఎస్టీ లేదు. హాస్టళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని తెచ్చారు గానీ మనలాంటివాళ్లకూ పనికొస్తుంది. బిల్లు వేశాక కాదు, చేరేటప్పుడే మేనేజరుతో మాట్లాడుకోవాలి.

అసలు చిక్కు చిరునామాతో. బ్యాంకు, ఓటు, ఉత్తరాలు, అన్నిటికీ శాశ్వత చిరునామా కావాలి. లాడ్జి గది నంబరు అందుకు పనికిరాదు. మా ఆధార్‌లో అబ్బాయి ఇల్లే ఉంది. 2023 నుంచి ‘కుటుంబ పెద్ద’గా అబ్బాయి ఒప్పుకున్నా చాలు, ఆన్‌లైన్లోనే చిరునామా మార్చుకోవచ్చు. పెన్షనుకు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఫోనులో ముఖం చూపించి ఎక్కడినుంచైనా ఇవ్వొచ్చు. ఈ రెండూ లేకపోతే మేం ఇల్లు వదిలేవాళ్లం కాదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఆ రోజుల్లో రాజమండ్రిలో నెల లెక్కన గది దొరకదు. ముందే ఖాళీ చేసి మైసూరు వెళ్లి, జనం సర్దుమణిగాక వస్తామని లాడ్జివాళ్లతో ఇప్పటినుంచే చెప్పి ఉంచాం.