టర్న్‌కు ఒక్క స్లాట్: 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ సమీక్ష

పాచికలు వేస్తూ ఊహాలోకపు వీరుల పాత్రల్లో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మంత్రాల నియమాల మీద వాదులాట ఆటంత పాతది. విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ను నేను ఆ వాదులాటల కోసమే తిరగేశాను. 384 పేజీలు, 12 క్లాసులు (విజార్డ్, ఫైటర్ లాంటి పాత్రల తరగతులు), 48 సబ్‌క్లాసులు, 75 ఫీట్లు (పాత్రకు దక్కే అదనపు నైపుణ్యాలు), అమెరికాలో విడుదలనాటి ధర 49.99 డాలర్లు. బొమ్మలు బాగున్నాయి, అట్ట గట్టిగా ఉంది. అయితే కొనాలా వద్దా అన్నది తేల్చేది మంత్రాల అధ్యాయమే.

2014 నాటి పుస్తకం ప్రకారం, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో, అంటే ఆటగాడి వంతులో, ప్రధాన చర్య అయిన యాక్షన్‌కు తోడుగా దొరికే చిన్న చర్యతో) ఏ మంత్రం వేసినా, ఆ టర్న్‌లో వేయదగిన మరో మంత్రం యాక్షన్‌తో వేసే క్యాంట్రిప్ (ఎన్నిసార్లయినా వేయగల చిన్న మంత్రం) మాత్రమే. చాలా బల్లల దగ్గర దీన్ని ‘టర్న్‌కు ఒక్క పెద్ద మంత్రమే’ అని గుర్తుపెట్టుకున్నారు గాని, పుస్తకం ఆ మాట ఎక్కడా అనలేదు. ఫైటర్‌గా రెండు లెవెళ్లు తీసుకున్న విజార్డ్ యాక్షన్ సర్జ్ వాడి అదనపు యాక్షన్ తెచ్చుకుని ఒకే టర్న్‌లో రెండు ఫైర్‌బాల్‌లు వేస్తే నియమం అడ్డు చెప్పేది కాదు. కిందపడిన మిత్రుణ్ణి బోనస్ యాక్షన్ మంత్రమైన హీలింగ్ వర్డ్‌తో లేపి ఆపైన ఒక్క ఫైర్‌బాల్ వేద్దామంటే మాత్రం కుదరదనేది. కొత్త పుస్తకం ఈ గందరగోళాన్ని ఒక్క వాక్యంతో తీసేసింది: ఒక టర్న్‌లో మంత్రం కోసం ఖర్చు చేయగలిగింది ఒక్క స్పెల్ స్లాటే (స్లాట్ అంటే మంత్రాలు వేయడానికి పాత్రకున్న పరిమిత కోటాలో ఒకటి; స్థాయి పెరిగేకొద్దీ దాని బలం ఎక్కువ). యాక్షన్ సర్జ్‌తో వచ్చే అదనపు యాక్షన్‌ను మంత్రాలకు వాడకూడదని కూడా తేల్చేసింది. జనం పొరపాటుగా పాటిస్తూ వచ్చిన నియమమే చివరికి దాదాపుగా అసలు నియమమైంది.

పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే. లెక్క పెట్టేది మంత్రాలను కాదు, స్లాట్లను కాబట్టి, మంత్రదండం నుంచో మంత్రం రాసిన కాగితపు చుట్ట నుంచో వచ్చే మంత్రానికి ఈ హద్దు వర్తించదు. ఫే టచ్డ్ ఫీట్ రోజుకొకసారి ఉచితంగా ఇచ్చే మిస్టీ స్టెప్‌తో శత్రువుల చేతికి అందకుండా తప్పుకుని, అదే టర్న్‌లో స్లాట్‌తో ఫైర్‌బాల్ వేయవచ్చు. పాత్రను పదును పెట్టుకోవడంలో ఆనందించేవారికి ఇలాంటి ఫీట్ల విలువ ఒక్కసారిగా పెరిగింది. పోగొట్టుకున్నదీ ఉంది: స్లాట్‌తో తన టర్న్‌లో మంత్రం వేసిన విజార్డ్, శత్రువు దాన్ని అడ్డుకోబోతే తిరిగి కౌంటర్‌స్పెల్ (ఎదుటివారి మంత్రాన్ని ఆపే మంత్రం) వేసే వీలు ఇప్పుడు లేదు. మరో చిక్కు కూడా మిగిలింది. కొత్త కౌంటర్‌స్పెల్‌కు గురైనవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో (దేహదారుఢ్యంతో తట్టుకోగలడా అని వేసే పాచికలో) విఫలమైతే మంత్రం పోతుంది, యాక్షన్ వృథా అవుతుంది, స్లాట్ మాత్రం ఖర్చు కాదు. అలాంటప్పుడు అదే టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో మరో స్లాట్ వాడవచ్చా? అక్షరాన్ని నమ్మితే వాడవచ్చు. నేను ఒప్పుకుంటాను, ఒప్పుకోని డంజన్ మాస్టర్లతో (ఆట నడిపేవారితో) వాదించను.

టర్న్‌ను కొలమానంగా తీసుకున్న ఈ పద్ధతి పాత కిటుకులు చాలావాటికి చెక్ పెట్టింది. లైఫ్ డొమైన్ క్లెరిక్ (స్వస్థతలో ఆరితేరిన పూజారి) చేతి గుడ్‌బెర్రీ అందరికీ తెలిసిన ఉదాహరణ: పది పండ్లు, ఒక్కొక్కటి ఒకటికి బదులు నాలుగు హిట్ పాయింట్లు (ప్రాణబలం), అంటే మొదటి స్థాయి స్లాట్‌కు నలభై. మంత్రం వేసిన టర్న్‌లోనే అదనపు స్వస్థత దక్కుతుందని ఇప్పుడు రాశారు గనుక, మర్నాడు తినే పండుకు ఆ లాభం లేదు. సిమ్యులాక్రమ్ (మంత్రంతో చేసిన నకలు) మరో సిమ్యులాక్రమ్‌ను సృష్టించే గొలుసు కూడా తెగింది. వీటికి కన్నీరు పెట్టేవారిని నేను ఎరగను.

పాలడిన్ (దైవబలంతో పోరాడే యోధుడు) సంగతి వేరు. ఒకప్పుడు దెబ్బ తగిలాక, అది క్రిటికల్ (రెట్టింపు పాచికల దెబ్బ) అని చూసుకున్నాక, తగిలిన ప్రతి దెబ్బకూ డివైన్ స్మైట్ అనే అదనపు దెబ్బ జోడించే వీలుండేది. ఇప్పుడది బోనస్ యాక్షన్ తినే మంత్రం. టర్న్‌కు ఒక్కసారి అన్న హద్దు సబబే. అయితే అందుకు దాన్ని మంత్రంగా మార్చనక్కర్లేదు. మంత్రమైనందువల్ల కౌంటర్‌స్పెల్ దాన్ని ఆపగలదు, శబ్దాన్ని ఆపే సైలెన్స్ మంత్రం పరిధిలో అది నోరు మెదపలేదు, రేజ్‌లో ఉన్న బార్బేరియన్ మంత్రం వేయలేడు కాబట్టి ఆ రెండు క్లాసులు కలిపి కట్టిన బిల్డ్‌లన్నీ కూలిపోయాయి. ఒక రోగానికి మూడు పత్యాలు పెట్టినట్టుంది.

ఇంత జాగ్రత్తపడిన రచయితలే స్పిరిట్ గార్డియన్స్ దగ్గర కొత్త తలుపు తెరిచారు. క్లెరిక్ చుట్టూ పదిహేను అడుగుల మేర తిరిగే ఆ ఆత్మలు, తమ పరిధి శత్రువు మీదికి జరిగినా గాయపరుస్తాయి. శత్రువు సేవ్ వేయాల్సింది టర్న్‌కు ఒకసారి, రౌండ్‌కు (అందరి టర్న్‌లూ ఒకసారి పూర్తయ్యే చుట్టుకు) ఒకసారి కాదు. దాంతో క్లెరిక్ తన టర్న్‌లో ఒకసారి శత్రువుల మీదుగా నడుస్తాడు, తర్వాత తోటి వీరులు వరుసగా తమ తమ టర్న్‌లలో అతణ్ణి ఎత్తుకుని అవే శత్రువుల మీదుగా పరుగెడతారు, ప్రతిసారీ మూడు ఎనిమిది ముఖాల పాచికలు పడుతూనే ఉంటాయి. నియమానికి ఇందులో లోటేమీ లేదు. ఊహించుకుంటే మాత్రం దేవుడి ఊరేగింపులా ఉంటుంది! ‘రౌండ్’ అని రాసి ఉంటే సరిపోయేది.

కంజ్యూర్ మైనర్ ఎలిమెంటల్స్ ఇంకా పెద్ద తప్పిదం. పదిహేను అడుగుల్లోని శత్రువుకు తగిలే ప్రతి దాడికీ ఇది రెండు ఎనిమిది ముఖాల పాచికలు కలుపుతుంది. నాలుగో స్థాయి నుంచి స్లాట్ ఒక్కో మెట్టు పెరిగినప్పుడల్లా మరో రెండు కలుస్తాయని మొదటి ముద్రణ చెప్పింది. అంటే తొమ్మిదో స్థాయిలో దెబ్బకు పన్నెండు. రెండో స్థాయి స్కార్చింగ్ రే మూడు కిరణాలు వదులుతుంది, విజార్డ్‌కు రెండు మంత్రాలూ అందుబాటులో ఉన్నాయి. మిగతా లెక్క చదువరులే వేసుకోగలరు. తర్వాతి సవరణలో మెట్టుకు ఒక్క పాచికే అన్నారు, పన్నెండు ఏడుకు దిగింది. ముద్రణకు ముందే ఎవరో ఒకరు ఈ కూడిక చేసి చూడాల్సింది.

అమరిక మీద నా ఫిర్యాదు ఒక్కటే. మంత్రాల పరిధికి సంబంధించిన నిర్వచనాలు పుస్తకం చివరి పదకోశంలో ఉన్నాయి గనుక, ఒక్క తగవు తీర్చడానికి వేళ్లు రెండు చోట్ల పెట్టుకుని చదవాలి.

ఆడి చూద్దామనుకునే కొత్తవారు వెంటనే డబ్బు పెట్టనవసరం లేదు. 2025 ఏప్రిల్‌లో క్రియేటివ్ కామన్స్ కింద వెలువడిన ఉచిత నియమావళిలో ఒక్కో క్లాసుకు ఒక్కో సబ్‌క్లాస్ ఉంది, ఆట మొదలుపెట్టడానికి అది చాలు. పాత్రల బిల్డ్‌ల గురించి తీరిగ్గా ఆలోచించేవారికి, ప్రతి వారం డంజన్ మాస్టర్ కుర్చీలో కూర్చునేవారికి పూర్తి పుస్తకం కొనదగినదే. ఈ పుస్తకం మొదటి ముద్రణ ప్రతి చేతికొస్తే కంజ్యూర్ మైనర్ ఎలిమెంటల్స్ పేజీ తీసి, పైస్థాయి స్లాట్ వాక్యాన్ని ఆటకు ముందే పెన్సిలుతో దిద్దుకోండి.