సముద్రపు గాలిలో నా ఓటు గన్నేరుకే

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటికీ సముద్రానికీ మధ్య నాలుగు వీధులే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడే ఇంటి ముందు జాగాలో 2013లో గన్నేరు, మందారం, నూరు వరహాలు, కాగితంపూలు వరసగా వేశాను. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, పువ్వూ ఉండాలి, అదీ నా ఆశ.

మరుసటేడే హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12 గాలికి వీధిలో పెద్ద పెద్ద చెట్లే వేళ్లతో లేచిపోయాయి. తెల్లారి చూస్తే మా జాగాలో పచ్చటాకు ఒక్కటి లేదు, అన్నీ ఉప్పుగాలికి మాడిపోయాయి. మందారాలు రెండూ పోయాయి. గన్నేరుని మోకాలెత్తుకి నరికి వదిలేశాను. నెల తిరక్కుండా కణుపు కణుపుకీ చిగురేసింది.

ఇది కొత్త కొమ్మ చివరే పూస్తుంది కాబట్టి ఏటా ఓసారి కత్తెర పెడతాను. అంతకుమించి సేవ లేదు. రెండు వారాలు నీళ్లు పోయకపోయినా అలగదు. మా వీధి ఆవులు గేటు తీసుంటే మందారాన్ని మోడు చేసి పోతాయి గానీ దీన్ని ముట్టవు. ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషమే మరి. కొట్టేసిన కొమ్మల్ని మంటలో వేయకూడదు, పొగా మంచిది కాదు. మనవరాలు పాకే రోజుల్లో చుట్టూ దడి కట్టాం. పీకేయమని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆమె మాట తప్పని అనలేను, పీకనూ లేను.

పూజకి కావాలి కదా అని మందారం మళ్లీ నాటాను. కొమ్మల మీద చీమలు బారులు కట్టాయంటే పిండినల్లి, అదే తెల్లటి పిండిలా అంటుకునే పురుగు, దిగినట్టే. పైపుతో జోరుగా నీళ్లు కొట్టి, సాయంత్రం పూట లీటరుకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగు తడిసేలా కొడతాను. వారం వారం ఇదే పని.

నూరు వరహాలకి ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలేవి. బలం చాలలేదని పేడ ఎరువు గుమ్మరించి ఏడాది పోగొట్టుకున్నాను. అసలు తంటా మా బోరు నీళ్లది. ఆ సున్నపు నీళ్లకి వేళ్లు ఇనుము తీసుకోలేవట. చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము మందు, కొట్టి, వాననీళ్లు పట్టి పోశాక కొత్తాకు పచ్చగా వచ్చింది.

కాగితంపూల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నీళ్లు తగ్గిస్తే చాలు. మా మేనల్లుడు మాత్రం డాబా మీద కొళాయి పక్కనే పెట్టి, నాలుగేళ్లుగా ఆకులే చూస్తున్నాడు.