రెండు హింగ్‌హామ్‌లు: వియ్యపురాలి పూర్వీకుల వెంట

మా వియ్యపురాలి పూర్వీకులు 1630ల్లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ జిల్లా హింగ్‌హామ్ నుంచి బయల్దేరి, ఓడెక్కి అమెరికాలో మసాచుసెట్స్‌లోని అదే పేరున్న ఊరికి వచ్చారని వాళ్ళింట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. మనవరాలు పుట్టాక, ఆ మాటకి కాగితం మీద ఆధారం చూడాలన్న పట్టుదల ఆవిడకి పెరిగింది. నేనూ తోడు వెళ్ళాను. ఆ పాపకి మా గుంటూరు వైపు పెద్దలు ఎంత సొంతమో వీళ్ళూ అంతే కదా. ఆవిడని నేను వదినగారూ అంటాను. ఇప్పుడు ఆవిడా నన్ను అలాగే పిలుస్తున్నారు.

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కితే రెండు గంటల్లోపే నార్విచ్. బస అక్కడే పెట్టుకోండి. అసలు చూడాల్సిన హింగ్‌హామ్ ఊరు అక్కడికి పడమరగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ ఊళ్ళోనే ఉండాలని ముచ్చట పడ్డాం గానీ, కారు లేనివాళ్ళకి కుదరదు. బస్సులు తక్కువ, భోజనానికీ పెద్దగా ఎంపిక ఉండదు. నార్విచ్ నడిబొడ్డున ఉన్న బజారులో రకరకాల తిండి దొరుకుతుంది, శాకాహారులకి కష్టం ఉండదు.

నార్ఫోక్ రికార్డ్ ఆఫీసు మాత్రం ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. బ్యాగులు లాకర్లో పెట్టాలి, లోపలికి పెన్ను తీసుకెళ్ళనివ్వరు, పెన్సిల్‌తోనే రాసుకోవాలి. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తర్వుతో ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాయడం మొదలైంది. అలాంటి పుస్తకాలకి తీసిన ఫొటోలు తెర మీద చూస్తాం. ఆ చేతిరాత ఒక పట్టాన అర్థం కాదు. ఇంగ్లిష్ 'ఇ' (e) అక్షరం తిరగేసినట్టుంటుంది, 'హెచ్' తోక కింది వరసలోకి దిగిపోతుంది. అక్కడ పనిచేసే ఒకావిడ మా పక్కన కూర్చుని, తెలిసిన పేరు ఒకటి పట్టుకుని ఆ రాసినాయన ఒక్కో అక్షరం ఎలా రాస్తాడో చూసి, దాన్నిబట్టి మిగతావి చదవమన్నారు. ఆ తర్వాత పని సాగింది. తారీఖులతో ఇంకో చిక్కు. 1752 ముందు దాకా ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పుస్తకంలో 1637 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1638. ఇది తెలియకపోతే తల్లిదండ్రుల పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు కనిపిస్తుంది!

హింగ్‌హామ్‌లో సెయింట్ ఆండ్రూస్ చర్చి 14వ శతాబ్దం నాటిది. అంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి చూసి ఆశ్చర్యపోయాం. లోపల అబ్రహాం లింకన్ ప్రతిమ ఉంది, 1919లో పెట్టారు. 1622లో ఈ ఊళ్ళో బాప్తిస్మం పొందిన శామ్యూల్ లింకన్ 1637లో, ఇంకా మీసాలైనా సరిగా రాని వయసులో, అమెరికా వెళ్ళాడు. అతనితో మొదలుపెట్టి లెక్కేస్తే అధ్యక్షుడు ఏడో తరం. అయితే ఆ సంగతి లింకన్‌కే రూఢిగా తెలియదు. న్యూ ఇంగ్లండ్ లింకన్లతో తమకి బంధుత్వం ఉందేమోనని వెతికితే, రెండు కుటుంబాల్లోనూ మార్దెకై, సాలమన్ లాంటి పేర్లు కలవడం తప్ప ఏమీ తేలలేదని 1859లో ఆయనే రాసుకున్నారు.

పేరు కలిస్తే చాలదని నాకు బాగా అర్థమైంది అక్కడే. అంతకుముందు వదినగారు ఒక ఆన్‌లైన్ సంస్థకి బాగానే డబ్బు కట్టి వంశవృక్షం తెప్పించుకున్నారు. అందంగా అచ్చు వేసి, పైన 'సర్' బిరుదున్న ఒకాయన్ని కూర్చోబెట్టారు. ఆయన కొడుకూ, అమెరికా వచ్చినతనూ ఒకరేనని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పేరు కలిసింది, అంతే. అలాంటివాటికి డబ్బు పెట్టొద్దు. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికేవి ముందు చూసుకుని, మిగిలిన సందేహాలతో రికార్డ్ ఆఫీసుకి వెళ్ళడం మేలు.

బోస్టన్‌లో న్యూబరీ స్ట్రీట్ మీద, 1845లో పెట్టిన వంశచరిత్ర సొసైటీ లైబ్రరీ ఉంది. 1620 నుంచి 1640 దాకా న్యూ ఇంగ్లండ్‌కి వచ్చినవాళ్ళు సుమారు 20,000 మంది. వాళ్ళ కుటుంబాలని ఒక్కొక్కటిగా ఆధారాలతో తేల్చే పని ఈ సొసైటీ 1988 నుంచి చేస్తోంది. నార్ఫోక్ నుంచి తెచ్చిన నోట్సు అక్కడ పెట్టి సరిచూసుకుంటే మాకు సగం టెన్షన్ తీరింది. బోస్టన్‌లో హోటళ్ళు ఖరీదు. అక్కడ బంధువులుంటే మొహమాటపడకండి.

మసాచుసెట్స్ హింగ్‌హామ్‌కి బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి రైలుంది, పడవ కూడా ఉంది. పడవే ఎక్కండి. అక్కడి ఓల్డ్ షిప్ చర్చి 1681లో కట్టింది. లోపల తలెత్తి చూస్తే బోర్లించిన ఓడ అడుగుభాగంలా వంపు తిరిగిన దూలాలు. వదినగారు చాలాసేపు తల దించలేదు.

ఈ ఊరి అదృష్టం డేనియల్ కుషింగ్. టౌన్ క్లర్కుగా పనిచేసిన ఈయన, నార్ఫోక్ నుంచి ఎవరు ఏ ఏట వచ్చారో రాసిపెట్టాడు. 1638లో ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌కి చెందిన డిలిజెంట్ అనే ఓడలో 133 మంది బయల్దేరారు, అందులో తనూ ఉన్నాడు. నార్ఫోక్ హింగ్‌హామ్ పాస్టరు రాబర్ట్ పెక్ కూడా నార్విచ్ బిషప్ ఒత్తిడి తట్టుకోలేక అదే ఓడలో వచ్చేశాడు. తర్వాత 1641లో తిరిగి వెళ్ళిపోయాడు. వచ్చిన ఊరి పేరు ఇంత స్పష్టంగా ఉండబట్టే రెండు హింగ్‌హామ్‌ల మధ్య ముడి గట్టిగా పడింది. చాలా ఊళ్ళకి ఈ భాగ్యం లేదు. అంత చిన్న ఊళ్ళో థామస్ లింకన్లు నలుగురు! పీపాలు చేసే థామస్, మిల్లు థామస్, నేత థామస్, సేద్యం థామస్ అని రికార్డుల్లో వేరు చేశారు. మన పల్లెల్లో ఇద్దరు సుబ్బయ్యలుంటే చేసేదీ ఇదే. వదినగారి తాతల పేరుతోనూ ఇద్దరున్నారు. వృత్తిని బట్టే మేం వాళ్ళని విడదీయగలిగాం.

ప్లిమత్ కూడా వెళ్ళాం. పిల్లలుంటే, 1620లో ఇంగ్లండ్ వలసదారులు అక్కడికి వచ్చిన మేఫ్లవర్ ఓడ నమూనా, పాత ఊరిని తిరిగి కట్టి చూపించే మ్యూజియం తప్పక చూపించండి. మీదైన కుటుంబాన్ని వెతకడానికి మాత్రం అక్కడ పెద్దగా దొరకదు. 1620 అని చెక్కిన ఆ రాయి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. మేఫ్లవర్‌లో వచ్చినవాళ్ళు దిగుతూ కాలుపెట్టిన రాయి ఇదేనని 1741లో ఒక 94 ఏళ్ళ పెద్దాయన చెప్పిందే దానికి ఆధారం. హింగ్‌హామ్ క్లర్కు పుస్తకం చూసి వచ్చిన మాకు అక్కడ నిలబడాలనిపించలేదు.

తండ్రి వైపు వరస ఇప్పుడు ఒక కొలిక్కి వచ్చింది. తల్లి వైపు ఇంకా ఉంది. ఓడెక్కి వచ్చిన ఆ పూర్వీకురాలికి అప్పటికే పెళ్ళి అయిపోయింది, పుట్టింటి పేరు అమెరికా కాగితాల్లో ఎక్కడా లేదు. నార్ఫోక్ పక్క జిల్లా సఫోక్ ఆడపడుచు అని వదినగారి నమ్మకం. ఆ రికార్డులు ఇప్స్‌విచ్‌లో ఉన్నాయి. వేసవిలో అక్కడికే టికెట్లు చూస్తున్నాం.