ఇంగ్లిష్ టీచరుకు ఏ శిక్షణ మేలు?

జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పే స్కూల్ అసిస్టెంటుకు శిక్షణ దారులు చాలానే ఉన్నాయి. ప్రభుత్వ వేదిక దీక్షాలో ఆన్‌లైన్ కోర్సులు, జిల్లా కేంద్రంలో వర్క్‌షాపులు, సొంత ఖర్చుతో సెల్టా (కేంబ్రిడ్జి ఇచ్చే ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్), స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడుల గుంపులో, తోటి టీచరుతో కలిసి చేసుకునే పని. పిల్లలు మాట్లాడే క్లాసు కావాలనుకుంటే ముందు అడగాల్సింది ఒకటే: మీరు పాఠం చెబుతుంటే అక్కడ ఎవరైనా చూస్తారా?

ఆన్‌లైన్ కోర్సులో చూడరు. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ లెక్క పూర్తిచేయడానికి, కొత్త పద్ధతుల పరిచయానికి ఇది చాలు, అంతకుమించి ఆశించకండి.

వర్క్‌షాప్‌లో చిక్కు మెట్లతో వస్తుంది: శిక్షణ పైనుంచి ఒక్కో మెట్టు దిగుతూ పలచబడుతుంది. రాష్ట్ర స్థాయిలో అందరిచేత చేయించిన జంట పని (ఇద్దరిద్దరు మాట్లాడుకుంటూ చేసేది) జిల్లాకొచ్చేసరికి డెమో, మండలానికొచ్చేసరికి స్లైడు. సగం సమయం మైక్రో టీచింగ్‌కు, అంటే తోటి టీచర్ల ముందు చిన్న పాఠం చెప్పి చూడటానికి, ఇచ్చే వర్క్‌షాప్ అయితే వెళ్లండి.

సెల్టా ఈ విషయంలో గట్టిది. కనీసం 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు మీరు పాఠం చెప్పాలి, శిక్షకులు వెనక కూర్చుని అంచనా వేస్తారు. నాలుగు రాతపనులూ ఉంటాయి. అయితే ఖర్చు లక్ష దాటుతుంది, పైగా అక్కడ మీరు చెప్పేది చిన్న బృందంగా ఉండే పెద్దవాళ్లకు. విదేశాల్లో ఉద్యోగం చూసుకునేవారికి సరే. బెంచీకి నలుగురు ఇరుక్కున్న తొమ్మిదో తరగతికి అదంతా మళ్లీ అమర్చుకోవాలి.

బడిలో పనిచేసేవారికి మా ఓటు తోటి టీచరుకే. ఒకరి క్లాసులో మరొకరు కూర్చుని చూడాలి. పద్ధతి తేలిక. ముందురోజు పది నిమిషాలు కూర్చుని ఒక్క ప్రశ్న తేల్చుకోవాలి: “జంట పనిలో ఎంతమంది నిజంగా ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నారు?” చూసేవారి చేతిలో బెంచీల పటం ఒక్కటే ఉంటుంది, నోరు విప్పిన పిల్లాడి స్థానంలో ఒక టిక్కు.

ఉదాహరణకు బస్సు టైమింగుల పని. ఎడమవైపు పిల్లాడి కాగితంలో సగం వేళలు, కుడివైపు పిల్లాడి కాగితంలో మిగతా సగం. అడిగి రాసుకోవాలి. ఇది చెడేది మొదటి నిమిషంలోనే: ఒకడు కాగితం పక్కవాడి ముందుకు జరుపుతాడు, వాడు చూసి రాసేస్తాడు, మాటే ఉండదు. మధ్యలో నోట్‌బుక్ నిలబెట్టించాలి. నోటితో సూచనలు చెప్పడం మాని ఒక పిల్లాణ్ణి పిలిచి బోర్డు దగ్గర చేసి చూపాలి. 45 నిమిషాల పీరియడ్‌లో దీనికి ఏడెనిమిది నిమిషాలు చాలు, ఎక్కువిస్తే తెలుగులోకి జారిపోతారు. అడగడానికి పనికొచ్చే రెండు వాక్యాలు బోర్డు మీద లేకపోతే ఇంకా ముందే జారతారు.

టిక్కులు చాలాసార్లు ముందు బెంచీల్లోనే గుమిగూడతాయి. “బాగుంది మేడం” అనే మాట కన్నా ఆ పటం ఎక్కువ చెబుతుంది. అది టీచరు దగ్గరే ఉండాలి. హెచ్‌ఎం ఫైల్లోకి, అక్కణ్ణుంచి ఎంఈఓకు (మండల విద్యాధికారికి) వెళ్లిందా, తనిఖీ అయిపోతుంది. మర్నాటి నుంచి రిహార్సల్ చేసిన పాఠాలే కనిపిస్తాయి.

బడిలో ఇంగ్లిష్ టీచరు ఒక్కరే అయితే లెక్కల టీచరునైనా పిలవండి, టిక్కులు పెట్టడానికి వ్యాకరణం అక్కర్లేదు. అదీ కుదరకపోతే ఫోన్‌లో పది నిమిషాల ఆడియో తీసుకుని, ప్రశ్న అడిగాక జవాబు మీరే చెప్పేలోపు ఎన్ని సెకన్లు ఆగారో లెక్కపెట్టండి. మూడు కన్నా తక్కువైతే ముందు అక్కడ మొదలుపెట్టండి.